టెంపో ఎవరి చేతిలో ఉండాలి? మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సిన సంగతి

“అన్నా, టెంపో సెట్టింగులు బాగా కంట్రోల్ చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?” గుంటూరు బ్రాడీపేటలోని మా చిన్న రికార్డింగ్ గదికి వచ్చే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. టెంపో అంటే పాట నడిచే వేగం. నేను వెంటనే పేరు చెప్పను. “పాడేవాళ్లు క్లిక్ వింటూ పాడతారా, వాళ్ల ధోరణిలో పాడుకుపోతారా?” అని అడుగుతాను. క్లిక్ అంటే టెంపో ప్రకారం చెవుల్లో మోగే టిక్కుటిక్కు. దీనికి జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ సగం తేలిపోయినట్టే. ఎఫ్ఎల్ స్టూడియోలో అరగంటలో అదిరిపోయే బీట్ కట్టే కుర్రాడు, అదే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఒక హార్మోనియం పాటను బార్లలోకి (బీట్లను లెక్కగా విడగొట్టే గడుల్లోకి) ఎక్కించలేక తెల్లారేదాకా అవస్థ పడటం నేను చూశాను. అతనికి పని రాక కాదు. ఆ పనికి పనికొచ్చే పనిముట్టు వేరే ఉంది.

మన వైపు ఈ తేడా తెలియడం మరీ అవసరం. ఇక్కడ ఒకే గదిలోకి రకరకాల పని వస్తుంది. పొద్దున చర్చి క్వయర్ పాట. మధ్యాహ్నం, శివరాత్రికి కోటప్పకొండ వెళ్లే ప్రభ మీద మోగించడానికి డప్పు పాట. సాయంత్రం తెనాలి వైపు నుంచి వచ్చిన నాటక కళాకారుడి పద్యాలు. వారం చివర విజయవాడ కుర్రాళ్ల షార్ట్ ఫిల్మ్‌కి బ్యాక్‌గ్రౌండ్. అన్నిటికీ టెంపో అనే మాట ఒకటే, కానీ ఒక్కోచోట దాన్ని పట్టుకోవాల్సిన తీరు ఒక్కోలా ఉంటుంది.

టెంపోను నడిపే పద్ధతులు మూడు. మొదటిది, పాట మొత్తానికి ఒకే అంకె. 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) అని పెట్టి, క్లిక్ వినిపించి, అందరినీ దాని వెంట నడిపించడం. రెండోది, టెంపోను మనమే గీసుకోవడం. పల్లవి 92, రెండో చరణానికి 94, చివర్లో నెమ్మదిగా 80కి దిగాలి అని ముందే అనుకుని సాఫ్ట్‌వేర్‌లో గీత గీస్తాం. మూడోది, మనిషిని స్వేచ్ఛగా పాడనిచ్చి, ఆ తర్వాత బార్ల గీతలను ఆ పాట మీదికి తెచ్చుకోవడం. మొదటి రెండింటిలో మనిషి గ్రిడ్ (బార్ల, బీట్ల గీతల వరస) వెనక నడుస్తాడు. మూడోదాంట్లో గ్రిడ్ మనిషి వెనక నడుస్తుంది. మొదటిది చేయని సాఫ్ట్‌వేర్ లేదు. రెండోది చాలావాటిలో ఉంది. అసలు తేడా మూడో పద్ధతి దగ్గర బయటపడుతుంది, డబ్బు పెట్టేముందు చూడాల్సింది అదే.

మిడి కదులుతుంది, గొంతు కదలదు

ఏ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవాలన్నా ముందు ఈ ఒక్క విషయం తెలియాలి. లేకపోతే పోలిక అంతా వృథా.

మిడి అంటే శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు మోగాలో రాసిపెట్టిన సూచనలు. మిడి నోట్లకు స్థానం బార్లలో, బీట్లలో ఉంటుంది. మూడో బార్ రెండో బీట్ మీద ఉన్న నోటు, టెంపో ఎంత మార్చినా మూడో బార్ రెండో బీట్ మీదే ఉంటుంది. రికార్డు చేసిన గొంతు అలా కాదు. అది సెకన్లలో నడిచే శబ్దం. టెంపో మారిస్తే దాన్ని ఏం చేయాలో సాఫ్ట్‌వేర్‌కి మనం చెప్పాలి. ఉన్న సెకను దగ్గరే ఉంచాలా, మొదలయ్యే చోటు మాత్రం బీటుతో జరపాలా, లేక మొత్తాన్ని సాగదీసి కొత్త టెంపోకి సరిపెట్టాలా?

ఇది తెలియక మొదట్లో నేను ఒక అమ్మవారి పాటను పాడుచేశాను. గొంతు, మృదంగం అన్నీ 92లో రికార్డు చేశాం. రెండు రోజుల తర్వాత ఆ పాట రాయించుకున్న పెద్దాయన “కొంచెం జోరు పెంచండి బాబూ” అన్నారు. నేను 92 తీసేసి 95 కొట్టాను. కీబోర్డు, తాళాలు, బేస్ అన్నీ మిడివి కాబట్టి చక్కగా జోరందుకున్నాయి. గొంతు ఉన్న చోటే ఉండిపోయింది. మృదంగం ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఉండటంతో ఒక్కో ముక్క కొత్త బీటు దగ్గరికి జరిగి, ఒకదాని తోక మీద ఇంకోటి ఎక్కింది. ఏది ఎందుకు జరిగిందో అర్థం కాక నేను మళ్లీ మళ్లీ మార్చి సేవ్ చేసేశాను. చివరికి మృదంగం ఆయన్ని రెండోసారి పిలిపించాల్సి వచ్చింది. ట్రాక్ టైమ్‌బేస్ అనే, ట్రాక్ సెకన్లకి కట్టుబడాలా బీట్లకా అని చెప్పే ఒక్క సెట్టింగ్ తెలిసి ఉంటే ఆ ఖర్చే ఉండేది కాదు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసుకున్నా మొదటి పరీక్ష ఇదే పెట్టండి. ఒక గొంతు ట్రాక్, ఒక మిడి ట్రాక్ పక్కపక్కన పెట్టి టెంపో మార్చండి. గొంతు ఏం చేస్తోందో, దాన్ని మార్చే సెట్టింగ్ ఎక్కడుందో పది నిమిషాల్లో దొరకాలి. దొరకలేదంటే ఆ సాఫ్ట్‌వేర్ మీ చేతికి కుదరదు.

సాగదీయడానికీ ఒక హద్దు ఉంది. 92ను 95 చేస్తే మూడు శాతం చిల్లర, గొంతు బాగానే తట్టుకుంటుంది. 92ను 110 చేస్తే ఎంత మంచి అల్గారిథం అయినా హల్లులు అరిగిపోయినట్టు, సాగిన అచ్చులు వణికినట్టు వినిపిస్తాయి. గమకాలు ఎక్కువున్న పాటలో ఈ లోపం ముందే తెలిసిపోతుంది. పాత టేపులా స్పీడుతో పాటు శ్రుతిని కూడా మారనిస్తే శబ్దం శుభ్రంగా ఉంటుంది కానీ, దాదాపు ఆరు శాతం స్పీడు పెంచితే శ్రుతి ఒక అర మెట్టు పైకి పోతుంది. 100లో ఒకటిన్నర శ్రుతికి పాడింది 106లో రెండు శ్రుతి అయి కూర్చుంటుంది.

రీపర్: స్వేచ్ఛగా పాడేవాళ్లతో పని ఉంటే

నా ఓటు దీనికే, కాబట్టి దీని గురించి ఎక్కువ చెబుతాను. కాకోస్ అనే చిన్న కంపెనీ తయారుచేసే ఈ సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు ఏ ఫీచరూ కోసేయకుండా వాడి చూడొచ్చు. సొంతానికి వాడుకునేవాళ్లకీ చిన్న ఆదాయం ఉన్న స్టూడియోలకీ లైసెన్స్ 60 డాలర్లు. పాత కంప్యూటర్ల మీద కూడా పరుగెత్తుతుంది.

ఇందులో టెంపో మూడు చోట్ల కనిపిస్తుంది. కింద ప్లే బటన్ల పక్కన బీపీఎం అంకె, మాస్టర్ ట్రాక్ మీద టెంపో గీత, టైమ్‌లైన్ మీద టెంపో మార్కర్లు. కర్సర్ పెట్టి షిఫ్ట్‌తో సి నొక్కితే ఆ చోట కొత్త టెంపో, కొత్త తాళం రెండూ పెట్టొచ్చు. ఒక మార్కర్ నుంచి ఇంకోదానికి ఒక్కసారిగా మారాలా, మెల్లగా జారాలా అన్నది కూడా అక్కడే టిక్ పెట్టి చెప్పొచ్చు. ఇవన్నీ మిగతావాటిలోనూ ఏదో రూపంలో ఉన్నాయి. రీపర్ గొప్ప ఏమిటంటే టైమ్‌బేస్. ప్రాజెక్టు మొత్తానికి ఒకటి, కావాలంటే ఏ ట్రాక్‌కి ఆ ట్రాక్‌కి, ఇంకా లోపలికి వెళ్తే ఒక్కో ముక్కకి వేరుగా పెట్టుకోవచ్చు. గొంతు సమయానికి కట్టేసి ఉంచి, మిడి తాళాలను బీటుకి కట్టి, షార్ట్ ఫిల్మ్ డైలాగును కదలకుండా ఉంచి, ఒకే ప్రాజెక్టులో పని చేసుకోవచ్చు.

పోయిన చలికాలం ఒక నాటక కళాకారుడితో చేసిన పని చెబితే ఇది బాగా అర్థమవుతుంది. ఆయనకి అరవై దాటాయి. హార్మోనియం ఆయనే వాయించుకుంటారు. చెవుల్లో క్లిక్ పెడితే రెండు పాదాలు పాడి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. “ఇది నా వెనక ఎవరో కర్ర పట్టుకుని కొడుతున్నట్టుంది నాయనా” అన్నారు. సరేనని క్లిక్ ఆపేశాం. పద్యం, దాని వెనక రాగం, ఆ తర్వాత తాళంలో పడే ఒక పాట, అన్నీ ఒకే ఊపులో పాడేశారు.

పద్యం భాగాన్ని నేను గ్రిడ్ మీదికి తేవడానికి ప్రయత్నించలేదు. రాగం తీస్తున్నప్పుడు బీటే లేదు, లేని బీటుని వెతకడం అనవసరం. అక్కడ వెనక తంబూర, మెత్తని స్ట్రింగ్స్ మాత్రం వేసి, గొంతు ఎక్కడ ఆగితే అక్కడ చేత్తో మార్చాను. పాట మొదలయ్యే చోట మాత్రం మార్కర్ పెట్టి, కొత్తగా ఒకటో బార్ అక్కడినుంచి మొదలయ్యేలా చేశాను. ఆ తర్వాత ప్రాజెక్ట్ టైమ్‌బేస్‌ని టైమ్‌కి మార్చి, హార్మోనియంలో సమం (తాళం మొదటి దెబ్బ) పడే ప్రతి చోటినీ వేవ్‌ఫామ్‌లో చూసుకుంటూ, ఒక్కో ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మేర సెలెక్ట్ చేసి, క్రియేట్ మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్ అనే కమాండ్ ఇచ్చుకుంటూ పోయాను. మూడు నిమిషాల పాటకి ముప్పావుగంట పట్టింది. అయ్యాక చూస్తే ఆయన మొదట 84 దగ్గర మొదలుపెట్టి, చివరి చరణానికి 91 దాటారు. ఆ పెరగడమే ఆ పాటకి ప్రాణం. వెనక వేసిన మిడి తబలా, తాళాలు ఆయనతోపాటే పెరిగాయి. ఆయన వచ్చి విని “తబలా ఎవరు కొట్టారు, బాగా పట్టుకున్నాడే” అని అడిగారు.

రీపర్‌లో కష్టం కూడా ఉంది. మెనూలు ఎక్కువ, మొదటి నెల తల తిరుగుతుంది. లోపల సౌండ్లు, లూప్‌లు దాదాపు రావు, విడిగా తెచ్చుకోవాలి. బీటు కట్టడంతోనే పని మొదలుపెట్టే కుర్రాడికి ఇది మొదటి సాఫ్ట్‌వేర్‌గా నేను ఇవ్వను.

లాజిక్, క్యూబేస్

మ్యాక్ ఉన్నవాళ్లు లాజిక్ ప్రో గురించి రెండోసారి ఆలోచించనక్కర్లేదు. 2018 మొదట్లో వచ్చిన 10.4 వెర్షన్‌తో ఇందులో స్మార్ట్ టెంపో చేరింది. కీప్, అడాప్ట్, ఆటో అని మూడు మోడ్‌లు. కీప్ పెడితే ప్రాజెక్టు టెంపో కదలదు, గొంతు దాని వెంట రావాలి. అడాప్ట్ పెడితే క్లిక్ లేకుండా పాడినదాన్ని విని టెంపో మ్యాప్ అదే గీస్తుంది. నేను ముప్పావుగంట చేత్తో చేసిన పనిని ఇది నిమిషంలో మొదలుపెట్టి ఇస్తుంది. మొదలుపెట్టి ఇస్తుంది అని ఊరికే అనలేదు. గిటారు, డ్రమ్స్ లాంటి దెబ్బ స్పష్టంగా ఉన్న శబ్దాల మీద బాగా పట్టుకుంటుంది. సాగే హార్మోనియం, వయొలిన్, ‘ఆ’ అంటూ రాగం తీసే గొంతు దగ్గర పొరబడుతుంది, చేత్తో సరిదిద్దాలి. 70ని 140 అనీ, 140ని 70 అనీ అనుకోవడం ఇలాంటి పనిముట్లన్నిటికీ ఉన్న అలవాటే. దాన్ని సగం చేసే, రెట్టింపు చేసే బటన్లు ఎడిటర్‌లోనే ఉంటాయి. ట్రయల్ ఉంది కాబట్టి మీ సొంత పాట మీదే పరీక్షించుకోండి. విండోస్‌లో మాత్రం ఇది దొరకదు.

విండోస్‌లో అలాంటి సౌకర్యం కావాలంటే క్యూబేస్ వైపు చూడాలి. ఇందులో టెంపో ట్రాక్ మీద మార్పు ఒక్కసారిగా గెంతాలా, వాలుగా జారాలా అని చెప్పొచ్చు. టెంపో డిటెక్షన్ రికార్డింగ్ విని మ్యాప్ గీస్తుంది, టైమ్ వార్ప్ అనే పనిముట్టుతో బార్ గీతను పట్టుకుని శబ్దం మీదికి లాగొచ్చు. బొమ్మ చూస్తూ బ్యాక్‌గ్రౌండ్ కొట్టేవాళ్లకి ఆ టైమ్ వార్ప్ చాలా పెద్ద సాయం. తలుపు పడ్డ చోట డ్రమ్ పడాలి అంటే ఆ బీటు గీతను ఆ ఫ్రేమ్ దగ్గరికి లాగితే మధ్యలో టెంపో ఎంత కావాలో అదే లెక్కేసుకుంటుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. దెబ్బ ఒక ఫ్రేము తప్పినా పట్టించుకోకపోవచ్చు గానీ, మూడు తప్పితే మామూలు ప్రేక్షకుడికి కూడా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. క్యూబేస్ రకరకాల ఎడిషన్లలో వస్తుంది, తక్కువ ధర ఎడిషన్‌లో అన్నీ ఉండవు. మీకు కావాల్సిన పనిముట్టు పేరు ఎడిషన్ల పట్టికలో వెతికి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ప్రో టూల్స్ గురించి ఒక్క మాట. ఐడెంటిఫై బీట్, బీట్ డిటెక్టివ్ లాంటి గట్టి పనిముట్లు ఉన్నాయి. మీ పని చివరికి పెద్ద స్టూడియోలో ప్రో టూల్స్ మీదే మిక్స్ అవుతుందని ముందే తెలిస్తే నేర్చుకోండి. లేకపోతే ఆ ఖర్చు ఇప్పుడు అక్కర్లేదు.

ఎఫ్ఎల్ స్టూడియో, ఎబల్టన్ లైవ్

బీటుతో మొదలై, దాని మీద ర్యాపో పాటో వచ్చే పని మీదైతే ఎఫ్ఎల్ స్టూడియో కంటే త్వరగా చేతికి వచ్చేది లేదు. డప్పు లూప్‌లు, పెళ్లి డీజే పాటలు, ఒకే టెంపోలో నడిచే ఫోక్ పాటలు హాయిగా అయిపోతాయి. ఒకసారి కొంటే తర్వాత వెర్షన్లు ఉచితంగానే వస్తాయి, అది చిన్న స్టూడియోకి పెద్ద ఊరట. పైన ఉన్న టెంపో అంకె మీద రైట్ క్లిక్ చేస్తే ట్యాప్ (పాటతో పాటు దెబ్బలు కొట్టి టెంపో పట్టుకునేది) దొరుకుతుంది, ఆటోమేషన్ క్లిప్ కూడా అక్కడే తయారవుతుంది. ఆ క్లిప్ గీతతో చివరి పల్లవిని నెమ్మది చేయడం సులువే. గొంతు ట్రాక్‌లు టెంపో వెంట రావాలంటే మాత్రం వాటి స్ట్రెచ్ మోడ్ విడిగా సరిచూసుకోవాలి, మరిచిపోతే మొదట నేను చేసిన తప్పే మీరూ చేస్తారు. స్వేచ్ఛగా పాడినదాని మీదికి బార్లను తెచ్చుకునే పనిలో ఇది వెనకబడే ఉంది. అన్నిటికంటే చిన్న ఎడిషన్ కొంటే ప్లేలిస్ట్‌లో ఆడియో క్లిప్‌లు, రికార్డింగ్ ఉండవు. పాట పాడించాలనుకునేవాళ్లు ప్రొడ్యూసర్ ఎడిషనే తీసుకోవాలి.

స్టేజీ మీద వాయించేవాళ్లకి ఎబల్టన్ లైవ్. విజయవాడలో కాలేజీ ఫెస్టుల్లో, పెళ్లి సంగీత్‌లలో వాయించే బ్యాండ్లు దీన్ని ఎందుకు పట్టుకుంటాయో ఒకసారి చూస్తే తెలుస్తుంది. ఒక్కో సీన్‌కి ఒక్కో టెంపో రాసిపెట్టుకోవచ్చు. సీన్ నొక్కగానే పాట, టెంపో రెండూ కలిసి మారతాయి. 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి టెంపో ఫాలోవర్ ఉంది. డ్రమ్స్ మైకు సిగ్నల్ ఇస్తే, డ్రమ్మర్ జోరు పెంచినా తగ్గించినా సాఫ్ట్‌వేర్ అతని వెనకే వస్తుంది. స్టూడియోలో కూడా ఇది పనికొస్తుంది. అరేంజ్‌మెంట్‌లో పొడవైన రికార్డింగ్‌కి వార్ప్ మార్కర్లు (శబ్దంలో బీటు పడే చోట్లకి గుర్తులు) పెట్టి దాన్ని లీడర్ చేస్తే ప్రాజెక్టు టెంపో దాని వెంట నడుస్తుంది. ఒక జాగ్రత్త. పొడవైన ఫైలు లాగగానే అదే ఊహించుకుని వార్ప్ చేసే సెట్టింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది, ఆటో వార్ప్ లాంగ్ శాంపిల్స్ అని. కచేరీ రికార్డింగులతో పని ఉన్నవాళ్లు ముందు దాన్ని ఆపేయండి. లేకపోతే ఆలాపన మెలికలు తిరిగి వినిపిస్తుంది.

డబ్బు అసలే పెట్టలేని స్థితిలో ఉన్నవాళ్లు కూడా పని మొదలుపెట్టొచ్చు. ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్, ఆండ్రాయిడ్ అయితే బ్యాండ్‌ల్యాబ్. ఫోన్‌లో ఈ రెండింటిలోనూ పాట మొత్తానికి ఒకే టెంపో అనుకుని పని చేసుకోవాలి. ఆడాసిటీకి 2023లో వచ్చిన 3.4 వెర్షన్‌తో బార్లు, బీట్ల గ్రిడ్ చేరింది, అది కూడా ఒకే టెంపోతోనే. నేర్చుకోవడానికి ఇవి చాలు.

మన తాళాల దగ్గర ఏం చూసుకోవాలి

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ 4/4లో (బారుకి నాలుగు బీట్లు) 120 దగ్గరో ఆ చుట్టుపక్కలో తెరుచుకుంటాయి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, రెండు బార్లలో సరిపోతుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పాత రికార్డింగ్ ఒకదాని టెంపో కావాలంటే ట్యాప్ బటన్ కంటే నేను నమ్మేది ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌ని. నాలుగు ఆవర్తనాలు, అంటే 32 అక్షరాలు లెక్కపెట్టండి. 24 సెకన్లు పట్టాయనుకుందాం. 32ను 60తో గుణించి 24తో భాగిస్తే 80. ట్యాప్ కొట్టేటప్పుడు మన చేయి మొదటి నాలుగు దెబ్బలకి తడబడుతుంది. ట్యాపే వాడతానంటే పదహారు దెబ్బలకి తగ్గకుండా కొట్టండి.

దశాంశాన్ని వదిలేయకండి. పాట నిజంగా 96.4లో ఉంటే మీరు 96 అని పెట్టారనుకోండి. నాలుగు నిమిషాలకి 384 బీట్లు వస్తాయని గ్రిడ్ అంటుంది, పాటలో 385.6 ఉంటాయి. చివరికి వచ్చేసరికి సరిగ్గా ఒక సెకను తేడా. మొదటి నిమిషంలో బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది కాబట్టి ఈ తప్పు చివర్లోగానీ బయటపడదు. పాత పాటకి కొత్త బీటు వేసేవాళ్లు ఎప్పుడూ చివరి పల్లవి దగ్గరికి వెళ్లి సరిచూసుకోవాలి.

మిశ్రచాపు దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఏడు అక్షరాలు, మూడు ఒకవైపు, నాలుగు ఒకవైపు. 7/8 పెట్టగానే క్లిక్ ఏ వేగంతో కొడుతుందో సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. చాలావాటిలో బీపీఎం అంటే పావు నోటు (క్వార్టర్ నోట్) లెక్క, 7/8లో ఒక్కో అక్షరం అందులో సగం. అంటే నిమిషానికి 200 అక్షరాలు నడవాలంటే అక్కడ 100 పెట్టాలి. 200 పెడితే పాట రెట్టింపు వేగంలో పరుగెడుతుంది. ఏ లెక్కో తెలియాలంటే 7/8 పెట్టి క్లిక్ మోగించి వాచీ చూసుకోవడమే. రెండో చిక్కు, క్లిక్ గట్టి దెబ్బ మొదటి అక్షరం మీదే పడుతుంది, నాలుగో అక్షరం మీద పడదు. పాడే అమ్మాయికి సగంలో పట్టు దొరకదు. రీపర్‌లో మెట్రోనోమ్ ప్యాటర్న్‌లో ఏ దెబ్బ గట్టిగా, ఏది మెత్తగా అని రాసుకోవచ్చు, క్యూబేస్‌లోనూ క్లిక్ ప్యాటర్న్ ఉంది. అది లేని సాఫ్ట్‌వేర్‌లో మీరే ఒక మిడి ట్రాక్‌లో తాళం కొట్టిపెట్టండి. నిజానికి ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా నేను చేసేది ఇదే. కంప్యూటర్ టిక్కుటిక్కు కంటే చిడతల శబ్దంతో కట్టిన ట్రాక్‌కి మనవాళ్లు త్వరగా కుదురుకుంటారు. విజయవాడ సంగీత కళాశాలలో చదువుకున్న ఒక గాయని, చిడతల క్లిక్ విన్నాక “ఇది ముందే ఇచ్చి ఉండొచ్చు కదండీ” అని ఒక్క టేక్‌లో పాట ముగించారు. అప్పటికి ఆమె మామూలు క్లిక్‌తో ఆరు టేకులు పాడి అలసిపోయారు.

గతి మార్పులకి టెంపో ముట్టుకోనక్కర్లేదు. చతురస్రంలో (అక్షరానికి నాలుగు భాగాలు) నడిచే పాట ఒక చరణంలో తిశ్రానికి (మూడు భాగాలు) మారితే కాలప్రమాణం అదే ఉంటుంది, అక్షరం లోపలి విభజన మారుతుంది. గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి మార్చుకుంటే చాలు. టెంపో మార్చి అదే ఫలితం తేవాలని చూస్తే డిలే, లూప్‌లు అన్నీ చెదిరిపోతాయి.

బుర్రకథకైతే ఇంకో సంగతి. బుర్రకథకి పద్మశ్రీ దాకా పేరు తెచ్చిన షేక్ నాజర్‌ది మన గుంటూరు వైపు పొన్నెకల్లే. మా ఇళ్లల్లో తందాన తాన వినని పెద్దవాళ్లు లేరు. యుద్ధం ఘట్టం వచ్చేసరికి కథకుడి అడుగు, వంతపాటల జోరు, గుమ్మెట దెబ్బ అన్నీ కలిసి పెరుగుతాయి. అలాంటి బృందాన్ని క్లిక్‌కి కట్టేసి రికార్డు చేస్తే కథ చచ్చిపోతుంది. దయచేసి అలా చేయకండి. ముగ్గురినీ ఒకేసారి పాడించి, గుమ్మెటకి విడిగా ఒక మైకు పెట్టండి. తర్వాత టెంపో మ్యాప్ గీయడానికి ఆ దెబ్బలే ఆధారం. లాజిక్ అడాప్ట్ మోడ్ అయినా, క్యూబేస్ డిటెక్షన్ అయినా, రీపర్‌లో చేత్తో అయినా, ఆ ఒక్క ట్రాక్ ఉంటే పని సగానికి తగ్గుతుంది.

ఇంతకీ ఏది తీసుకోవాలి

బీట్లు కట్టి అమ్మేవాళ్లు, ర్యాప్, డీజే పాటల పని ఉన్నవాళ్లు ఎఫ్ఎల్ దగ్గరే ఉండండి, మార్చాల్సిన పని లేదు. స్టేజీ ఉంటే లైవ్. మ్యాక్ ఉండి అన్ని రకాల పాటలూ చేస్తుంటే లాజిక్. విండోస్ మీద బొమ్మకి సంగీతం కొట్టడమే ముఖ్యమైన పని అయితే, డబ్బు సర్దుబాటైతే క్యూబేస్. పద్యాలు, భజనలు, బుర్రకథ, కీర్తనలు, మనుషులు మనుషుల్లా పాడేవి ఏవైనా సరే, చేతిలో పెద్ద మొత్తం లేనప్పుడు రీపర్. రెండు రకాల పనీ సమానంగా వచ్చేవాళ్లు ఎఫ్ఎల్‌లో బీటు కట్టి, దాన్ని ట్రాక్‌లుగా తీసి రీపర్‌లో గొంతు పాడించుకోవచ్చు. నేను చేసేది అదే.

అలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, లేదా మీ గదిలోంచి ఇంకొకరి స్టూడియోకి పాట పంపేటప్పుడు ఫైలు పేరులోనే టెంపో దశాంశంతో సహా రాయండి, తాళం కూడా రాయండి. ట్రాక్‌లన్నీ, మధ్యలో వచ్చే వేణువు ముక్కతో సహా, మొదటి బార్ నుంచే మొదలయ్యేలా తీయండి. టెంపో మధ్యలో మారే పాటైతే రీపర్, క్యూబేస్, లాజిక్‌ల నుంచి ఒక మిడి ఫైలు కూడా తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. టెంపో మ్యాప్ ఆ ఫైలు లోపల వెళ్తుంది. అవతలివాళ్లు ముందు దాన్ని టెంపోతో సహా ఇంపోర్ట్ చేసుకుని, ఆ తర్వాతే గొంతు ట్రాక్‌లు లోపలికి లాగాలని ఫోన్ చేసి చెప్పండి.